లండన్‌లో 1698 నుంచి నడుస్తున్న వైన్ కొట్టు: అక్కడ అసలు అమ్మేదేంటి?

క్లుప్తంగా: లండన్ సెయింట్ జేమ్సెస్ స్ట్రీట్ 3వ నంబర్‌లో ఉన్న బెర్రీ బ్రదర్స్ అండ్ రడ్ 1698లో కాఫీ, కిరాణా కొట్టుగా మొదలైంది. ఇవాళ దాని పనిలో సగం సీసాలు అమ్మడమైతే, మిగతా సగం కస్టమర్ సరుకుని ఏళ్ల తరబడి దాచడం, ఎవరిది ఎంతో లెక్క రాయడం, కావాలంటే ఆ సరుకునే ఇంకొకరికి అమ్మిపెట్టడం. 2022 తర్వాత ఖరీదైన వైన్ ధరలు పడుతూ రావడంతో ఈ పద్ధతి ఎంతవరకు నిలుస్తుంది అనే చర్చ నడుస్తోంది. అసలు ఈ పద్ధతి ఎలా పుట్టింది, డబ్బు ఎక్కడ చేతులు మారుతుంది, ఎక్కడ మోసానికి సందు దొరుకుతుంది అనేది కింద వివరంగా.

వైన్స్ అంటే మనకొకటి, అక్కడొకటి

మన ఊళ్లలో వైన్స్ అని బోర్డున్న షాపుకెళ్లి ద్రాక్ష వైన్ అడిగితే ఏ మూల అరలోంచో రెండు మూడు సీసాలు తీసి చూపిస్తారు, అక్కడ నడిచేదంతా బ్రాందీ, విస్కీ, బీరే. అందుకే వైన్ వ్యాపారి అనే మాట వినగానే తెలుగువాళ్లకి లైసెన్స్ లాటరీ, పర్మిట్ రూమ్, ఎమ్మార్పీ గొడవ ఇవే గుర్తొస్తాయి. లండన్‌లో ఫైన్ వైన్ మర్చెంట్, అంటే ఏళ్ల తరబడి దాచదగ్గ ఖరీదైన వైన్ అమ్మే వ్యాపారి, పూర్తిగా వేరే రకం వ్యాపారం చేస్తాడు. మన లెక్కలో చెప్పాలంటే కొంత నగల కొట్టు, కొంత కోల్డ్ స్టోరేజీ, కొంత కమీషన్ ఏజెంటు, ఈ మూడూ ఒకే గుమ్మం కింద ఉన్నట్టు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల నష్టం కూడా ఉంది. యూకేలో వైన్ మీద పెట్టుబడి పెట్టండి, గ్యారంటీగా పెరుగుతుంది అని ఫోన్లు చేసి అమ్మేవాళ్లు చాలా ఏళ్లుగా ఉన్నారు, అక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకీ ఆ ఫోన్లు తప్పవు. పాత, పేరున్న వ్యాపారి ఏం చేస్తాడో తెలిస్తేనే కొత్తగా వచ్చినవాడు ఏం చెయ్యట్లేదో తెలుస్తుంది.

కాఫీ కొట్టు, కాటా, పద్దు పుస్తకం

1698లో ఈ కొట్టు పెట్టింది వితంతువు బోర్న్ అని రికార్డుల్లో కనిపించే ఒకావిడ. కాఫీ, టీ, మసాలాలు అమ్మేది, గుమ్మం మీద కాఫీ మిల్లు గుర్తు వేలాడేది, ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. ఎదురుగా, వీధి చివర సెయింట్ జేమ్స్ ప్యాలెస్. అదే సంవత్సరం వైట్‌హాల్ ప్యాలెస్ కాలిపోయి రాజుగారి కొలువు ఇటువైపు వచ్చింది, దాంతో పెద్ద పెద్ద వాళ్లంతా ఈ వీధి చుట్టూ చేరారు. చోటు కలిసొచ్చింది అంటారే, అలా. ఆవిడ కూతుర్ని చేసుకున్న విలియం పికరింగ్ కుటుంబం తర్వాత, వాళ్ల బంధుత్వంలోంచే ఎక్సెటర్‌కి చెందిన జార్జ్ బెర్రీ 1803లో కుర్రాడిగా ఇక్కడికొచ్చాడు, 1810కల్లా కొట్టు మీద తన పేరు పెట్టుకున్నాడు. రడ్ అనే పేరు 1920లో భాగస్వామిగా చేరిన హ్యూ రడ్‌ది. కుటుంబాలు మారుతూ, అల్లుళ్లు మనవళ్లు దిగుతూ వచ్చారే తప్ప కొట్టు మాత్రం చోటు మారలేదు.

ఇక్కడ ఒక వస్తువు దగ్గర కాసేపు ఆగాలి. కొట్టు లోపల పెద్ద కాటా ఒకటి ఉంది, నిజానికి కాఫీ మూటలు తూచడానికి పెట్టింది. ఆ రోజుల్లో ఇళ్లల్లో మనుషులు బరువు చూసుకునే యంత్రాలు లేవు కాబట్టి ఈ కాటా మీద కూర్చుని కస్టమర్లు తమ బరువు తూయించుకోవడం మొదలైంది, 1765 నుంచి ఆ బరువుల్ని తోలు అట్టల పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. పేరు, తేదీ, బరువు, బూట్లతోనా బూట్లు లేకుండానా, ఇవీ వివరాలు. కవి బైరన్ 1806 జనవరిలో తూయించుకున్నప్పుడు 13 స్టోన్ 12 పౌండ్లు, అంటే దాదాపు 88 కిలోలు. తర్వాత ఏళ్లలో కడుపు మాడ్చుకుని ఎంత తగ్గాడో కూడా ఆ పుస్తకాల్లోనే కనిపిస్తుంది. ప్రధానిగా చేసిన విలియం పిట్, సోగ్గాడిగా పేరుపడ్డ బ్యూ బ్రమ్మెల్ బరువులూ అందులో ఉన్నాయి.

చూడ్డానికి సరదా అలవాటులా ఉంటుంది గానీ ఈ వ్యాపారం మొత్తానికి ఇదే తాళంచెవి అని చెప్పుకోవచ్చు. కస్టమర్‌కి సంబంధించిన ఒక వివరాన్ని దాదాపు 260 ఏళ్లుగా తారీకుతో సహా రాసి పెట్టి, అడిగితే చూపించగలగడం. బరువుకి బదులు వైన్ కేసులు, అంటే సీసాల పెట్టెలు, పెట్టి చూస్తే ఇవాళ ఆ కంపెనీ చేస్తున్న పని అదే.

పీపాలు వచ్చిన దారి

ఇంగ్లండ్‌లో ద్రాక్ష పెద్దగా పండదు, అయినా వైన్ వ్యాపారానికి లండన్ ఎందుకు కేంద్రమైంది అనేది చాలామందికి అర్థం కాని విషయం. దీని మూలం ఒక పెళ్లిలో ఉంది. 1152లో ఫ్రాన్స్ నైరుతిలోని అక్విటేన్ ప్రాంత పాలకురాలు ఎలినార్‌ని పెళ్లాడిన హెన్రీ, రెండేళ్లకి ఇంగ్లండ్ రాజయ్యాడు. దాంతో అక్కడి బోర్డో ఊరి చుట్టుపక్కల నేలంతా ఇంగ్లండ్ రాజు కిందకి వచ్చింది, 1453 వరకు అలాగే ఉంది. మూడొందల ఏళ్లు ఓడల మీద పీపాలు వస్తూనే ఉన్నాయి. బోర్డో ఎర్ర వైన్‌ని ఇంగ్లిషువాళ్లు ఇప్పటికీ క్లారెట్ అని తమ సొంత పేరుతో పిలుస్తారు, అదీ ఆ కాలం అలవాటే. తర్వాత ఫ్రాన్స్‌తో యుద్ధాలొచ్చాయి. 1703లో పోర్చుగల్‌తో చేసుకున్న మెథ్యూన్ ఒప్పందం ప్రకారం పోర్చుగీసు వైన్ మీద సుంకం ఫ్రెంచి వైన్ మీద వేసేదాంట్లో మూడింట రెండు వంతులు దాటకూడదు అన్నారు, దాంతో పోర్ట్ వైన్ పెద్దింటి భోజనాల బల్ల ఎక్కింది. మళ్లీ 1860లో బ్రిటన్ ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ ఫ్రెంచి వైన్ మీద సుంకం బాగా తగ్గించాక క్లారెట్‌కి పాత రోజులొచ్చాయి. జనం రుచి మారింది అని చెప్పుకునే చాలా సందర్భాల్లో వెనక మారింది సుంకం, ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

అప్పట్లో వైన్ సీసాల్లో వచ్చేది కాదు. పీపాల్లో వచ్చేది, లండన్ వ్యాపారి తన నేలమాళిగలో దింపించుకుని, కొన్నాళ్లు ఉంచి, సీసాల్లో పోసి, బిరడా బిగించి, తన పేరుతో లేబుల్ అంటించి అమ్మేవాడు. అంటే లోపలున్నది కల్తీ లేని సరుకే అనడానికి హామీ ఆ వైన్ చేసిన తోటవాడు కాదు, కొట్టువాడు. 1924లో బోర్డోలోని షాటో మూటన్ అనే తోట యజమాని తన పంట మొత్తాన్ని తన దగ్గరే సీసాల్లో నింపడం మొదలుపెట్టాడు, మిగతావాళ్లు మెల్లగా అదే దారి పట్టారు, 1970ల మొదటికల్లా బోర్డో పెద్ద తోటలన్నింటికీ అదే నియమమైంది. ఈ మార్పుతో లండన్ వ్యాపారుల ముఖ్యమైన పని ఒకటి చేజారిపోయింది. సీసా తోట నుంచే సీలుతో వస్తుంటే మధ్యలో కొట్టువాడితో పనేంటి అనే ప్రశ్న మొదటిసారి గట్టిగా వచ్చింది అప్పుడే. చాలా పాత కొట్లు ఈ దశలో మూతపడ్డాయి, లేకపోతే పెద్ద కంపెనీల్లో కలిసిపోయాయి.

బెర్రీ బ్రదర్స్ నిలబడటానికి రెండు మూడు కారణాలు కలిసొచ్చాయి. ఒకటి విస్కీ. 1923లో కట్టీ సార్క్ అనే తేలిక రంగు విస్కీ మొదలుపెట్టారు, అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజులవి, బహామాస్ మీదుగా అమెరికా తాగేవాళ్ల దాకా ఆ పేరు చేరింది, నిషేధం ఎత్తేశాక అదే పెద్ద ఆదాయమైంది. ఆ బ్రాండుని 2010లో వదులుకునేదాకా వైన్ వైపు తొందరపడకుండా ఓపిక పట్టడానికి ఆ డబ్బు ఆసరా. రెండోది రాజవంశంతో సంబంధం, 1760లో మూడో జార్జ్ కాలం నుంచి ఇక్కడి సరుకు రాజుగారింటికి వెళ్తోంది. మూడోది, అన్నింటికంటే ముఖ్యమైంది, గోడౌన్.

పన్ను కట్టని గోడౌన్ అంటే

ఇది అర్థమైతే మిగతా వ్యాపారం సగం అర్థమైనట్టే. యూకేలోకి వైన్ వచ్చాక దాని మీద రెండు పన్నులు పడతాయి, ఒకటి మద్యం సుంకం, రెండోది 20 శాతం వ్యాట్. కానీ సరుకు ప్రభుత్వం అనుమతించిన బాండెడ్ గోడౌన్‌లో ఉన్నంతకాలం ఈ రెండూ కట్టక్కర్లేదు, బయటికి తీసిన రోజే కట్టాలి. 20 ఏళ్లు లోపలే ఉంచితే 20 ఏళ్లు కట్టరు. లోపలున్నప్పుడే ఇంకొకరికి అమ్మేస్తే అమ్మినాయన ఆ పన్నులు కట్టకుండానే బయటపడతాడు, చివరికి ఎవరు బయటికి తీసి తాగుతారో వాళ్ల మీద పడుతుంది.

గుంటూరు వైపు వాళ్లకి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. మిర్చి ధర బాగోలేనప్పుడు రైతు టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు తీసుకుంటాడు, సరుకు అక్కడే ఉంటుంది, బాండు మీద అప్పు పుడుతుంది, ధర వచ్చినప్పుడు అక్కడి నుంచే అమ్ముతాడు. వైన్ గోడౌన్ కూడా అంతే, కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. మిర్చి ఏడాది గడిచేసరికి రంగు తగ్గి విలువ పోగొట్టుకుంటుంది, మంచి వైన్‌లో కొద్ది రకాలు మాత్రం సరైన చోట ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడి విలువ పెంచుకుంటాయి. కొద్ది రకాలు అనే మాట గట్టిగా చెప్పాలి, ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధికం ఒకటి రెండేళ్లలో తాగేయాల్సిందే, దాచితే పాడవుతుంది.

సరైన చోటు అంటే ఏంటంటే ఎండ తగలకూడదు, కుదుపు ఉండకూడదు, ఏడాది పొడవునా 13 డిగ్రీలకి అటూ ఇటూగా ఉండాలి, గాల్లో తేమ బాగా ఉండాలి, లేకపోతే బిరడా ఎండి లోపలికి గాలి పోతుంది. అనుభవం ఉన్నవాళ్లు పాత సీసా చేతికి తీసుకోగానే లేబుల్ కంటే ముందు మెడ దగ్గర వైన్ మట్టం చూస్తారు, మట్టం భుజం దాకా దిగిపోతే ఆ సీసా ఎక్కడో వేడిలో ఉండొచ్చిందని అనుమానం. బెర్రీ బ్రదర్స్‌కి లండన్ కొట్టు కింద పాత నేలమాళిగలున్నా కస్టమర్ల సరుకు ఉండేది మాత్రం బేసింగ్‌స్టోక్‌లో, మామూలు పారిశ్రామిక షెడ్లలో. ఫొటోల్లో కనిపించే పాత ఇటుక కమానులకంటే ఈ షెడ్లే వ్యాపారానికి గుండెకాయ.

సుంకం లెక్కలో ఇంకో మెలిక ఉంది. యూకేలో మద్యం సుంకం సీసా ఖరీదు మీద కాదు, అందులో ఆల్కహాల్ ఎంతుందో దాని మీద. ఉదాహరణకి ఒక సీసాకి సుంకం సుమారు 3 పౌండ్లు అనుకుందాం, ఆరు సీసాల కేసుకి 18 పౌండ్లు. గోడౌన్‌లో 300 పౌండ్ల ధరున్న కేసు బయటికొస్తే 300కి 18 కలిపి దాని మీద 20 శాతం, అంటే దాదాపు 382 పౌండ్లు. అదే గోడౌన్‌లో 30 పౌండ్ల కేసైతే 48 మీద 20 శాతం కలిపి దాదాపు 58 పౌండ్లు. ఖరీదైన కేసు మీద పన్ను భారం పావు వంతు కంటే కాస్త ఎక్కువ, చవక కేసు మీద దాదాపు దాని ధరంత. ప్రతి సుంకం పెంపూ రోజూ తాగే చవక వైన్‌ని గట్టిగా కొడుతుంది, ఫైన్ వైన్‌ని పెద్దగా తాకదు. 2023 ఆగస్టు 1 నుంచి ఈ ఆల్కహాల్ శాతం పద్ధతి వచ్చింది, మొదట్లో 11.5 నుంచి 14.5 శాతం లోపు వైన్లన్నింటినీ ఒకే రేటుగా చూశారు, 2025 ఫిబ్రవరి నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు దశాంశం మారితే రేటు మారుతుంది, ఒకే తోట వైన్ ఈ ఏడాది 13.5, వచ్చే ఏడాది 14 అయితే లెక్క మళ్లీ రాసుకోవాలి, చిన్న వ్యాపారులకి ఇది నిజంగానే పెద్ద తలనొప్పి.

సీసా పుట్టకముందే డబ్బు

బోర్డోలో ద్రాక్ష కోసేది సెప్టెంబర్, అక్టోబర్‌లో. తర్వాతి వసంతంలో, పీపాల్లో ఇంకా పచ్చిగా ఉన్న వైన్‌ని రుచి చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచి వ్యాపారులు వెళ్తారు. మే, జూన్ నెలల్లో తోటలు ధరలు చెప్తాయి, తోట నేరుగా లండన్ కొట్టుకి అమ్మదు, మధ్యలో దళారీ, అతని తర్వాత నెగోసియాన్ అనే టోకు వ్యాపారి, అక్కడి నుంచి లండన్ వ్యాపారి, చివర్లో కస్టమర్. కస్టమర్ అప్పుడే డబ్బు కడతాడు, వైన్ సీసాల్లోకెక్కి గోడౌన్‌కి చేరడానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. దీన్నే ఆన్ ప్రీమర్ అంటారు. పూత మీద ఉన్న మామిడి తోటని ముందే మాట్లాడుకుని బయానా ఇచ్చే పద్ధతి మనకి తెలిసిందే, ఇదీ ఆ జాతే.

పద్ధతి నిలవాలంటే ఒకే ఒక్క షరతు, ముందు కొన్నవాడికి తర్వాత కొన్నవాడికంటే చవగ్గా పడాలి. రెండేళ్లు డబ్బు ఇరికించుకున్నందుకు అదే ప్రతిఫలం. 2008లో హాంగ్‌కాంగ్ వైన్ మీద సుంకం పూర్తిగా ఎత్తేసింది, చైనా డబ్బు మార్కెట్లోకి దిగింది, 2009, 2010 పంటలు బాగా వచ్చాయని పేరు రావడంతో తోటలు ధరలు ఆకాశానికి తీసుకెళ్లాయి. 2011 తర్వాత ఆ ఊపు చల్లబడింది. ముందే ఎక్కువ ధరకి కొన్నవాళ్లు ఏళ్లు గడిచాక చూస్తే అదే వైన్ అంతకంటే తక్కువకే బజార్లో దొరుకుతోంది. షాటో లాటూర్ అయితే 2011 పంట తర్వాత ఈ పద్ధతి నుంచే తప్పుకుంది, వైన్ తాగే దశకి వచ్చాకే తన గోడౌన్ నుంచి వదుల్తానంది. కోవిడ్ రోజుల్లో వడ్డీ రేట్లు తక్కువగా ఉన్నప్పుడు ధరలు మళ్లీ ఎక్కి, 2022 నుంచి జారుతూ వచ్చాయి. బ్యాంకులో వేస్తేనే మంచి వడ్డీ వస్తున్నప్పుడు రెండేళ్ల తర్వాత వచ్చే సీసా కోసం ఇవాళే డబ్బెందుకు కట్టాలి అని కస్టమర్ అడుగుతాడు కదా, సమాధానం చెప్పాల్సింది తోటవాడు, కానీ ఎదురుగా కనిపించేది కొట్టువాడు.

ఇక్కడ వ్యాపారి ఇరకాటం నిజమైంది, సానుభూతితో చూడాల్సింది. ఈ ఏడాది ధర ఎక్కువని టోకు వ్యాపారి దగ్గర తన వాటా వదులుకుంటే వచ్చే ఏడాది మంచి పంటలో వాటా దొరక్కపోవచ్చు. తీసుకుంటే అమ్ముడుపోని సరుకు నెత్తిమీద, లేకపోతే పాత కస్టమర్‌కి ఎక్కువ ధరకి అంటగట్టాలి. 300 ఏళ్ల పేరు అనేది సరిగ్గా ఇలాంటి ఏడాదే పరీక్షకొస్తుంది, ఈసారి కొనకండి అని చెప్పగలిగిన వ్యాపారి దగ్గరికే కస్టమర్ పదేళ్ల తర్వాత కూడా వస్తాడు.

తిరిగి అమ్మడం, లెక్కలో మోసం

2010లో బెర్రీ బ్రదర్స్ తమ గోడౌన్‌లో సరుకున్న కస్టమర్లు ఒకరికొకరు అమ్ముకోవడానికి బీబీఎక్స్ అని ఆన్‌లైన్ ఏర్పాటు పెట్టింది. అమ్మేవాడు ధర చెప్తాడు, కొనేవాడు బేరం పెట్టొచ్చు, కుదిరితే కంపెనీ 10 శాతం కమీషన్ తీసుకుంటుంది. సరుకు ఇంచు కూడా కదలదు, ఖాతాలో పేరు మారుతుంది అంతే. కాటా పుస్తకంతో పోలిక ఇక్కడే, ఆ కేసు తోట నుంచి నేరుగా ఈ గోడౌన్‌కే వచ్చింది, మధ్యలో ఎవరి ఇంట్లోనూ ఎండలో లేదు అని రాతపూర్వకంగా చూపించగలగడమే దాని విలువ. ఇది కాక 2000లో లండన్‌లో పుట్టిన లివ్‌ఎక్స్ అనే ఎక్స్చేంజి ఉంది, దాని మీద వ్యాపారులు తమలో తాము కొనుక్కుంటారు, అక్కడి ధరల సూచీలే ఈ రంగానికి కొలబద్ద.

రాత ఎందుకంత ముఖ్యమో అమెరికాలో జరిగిన ఒక కేసు చూపిస్తుంది. రూడీ కుర్నియవాన్ అనే అతను తన ఇంట్లోనే మామూలు వైన్లు కలిపి, పాత లేబుళ్లు ముద్రించి, అరుదైన సీసాలుగా పెద్ద పెద్ద వేలంపాటల్లో అమ్మాడు, 2013 డిసెంబర్‌లో నేరం రుజువైంది, మరుసటి ఏడాది 10 ఏళ్ల శిక్ష పడింది. కోట్లు పోసి కొన్నవాళ్లు, నాలుక మీద నమ్మకమున్న వాళ్లు కూడా పోల్చుకోలేకపోయారు. రుచి చూసి పట్టుకోలేనిదాన్ని కాగితం చూసి పట్టుకోవచ్చు, ఎందుకంటే అంత పాత సీసాలు అన్నేసి ఒక్కడి దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పే పద్దు అతని దగ్గర లేదు.

ఇంకో రకం మోసంలో సీసా అసలు ఉండనే ఉండదు. డబ్బు తీసుకుంటారు, మీ కేసు గోడౌన్‌లో ఉందని కాగితం పంపిస్తారు, కొన్నేళ్లకి కంపెనీ మూతపడ్డాక చూస్తే సరుకే కొనలేదు, లేదా అదే కేసు నలుగురికి అమ్మారు. అందుకే తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న లాభమెంత అని కాదు. కేసు ఏ గోడౌన్‌లో ఉంది, దాని మీద విడిగా నంబర్ ఉందా, గోడౌన్ రికార్డులో నా పేరుందా లేక అమ్మినవాడి పేరుందా, నేను నేరుగా గోడౌన్‌కి ఫోన్ చేస్తే చెప్తారా, ఇవీ ప్రశ్నలు. కంపెనీ దివాలా తీసినప్పుడు కస్టమర్ సరుకు కస్టమర్‌దే అని నిలబడేది ఈ వేరు లెక్క ఉంటేనే. వైన్ లాభం మీద పన్ను ఉండదు అని కూడా అమ్మేవాళ్లు చెప్తుంటారు, 50 ఏళ్లలోపు పాడయ్యే వస్తువులకి ఉన్న మినహాయింపుని చూపించి, కానీ దశాబ్దాలు నిలిచే ఫైన్ వైన్‌కి అది వర్తిస్తుందని యూకే పన్నుల శాఖ వెంటనే ఒప్పుకోదు.

వీధి, సంఘం, పరీక్ష

సెయింట్ జేమ్సెస్ స్ట్రీట్ చిన్న వీధే. టోపీల కొట్టు లాక్ 1676 నాటిది, బూట్లు కుట్టే జాన్ లోబ్, 1749లో మొదలైన ఇంకో వైన్ కంపెనీ జస్టెరీని అండ్ బ్రూక్స్, వైట్స్, బూడుల్స్, బ్రూక్స్ లాంటి పాత క్లబ్బులు, అన్నీ నడిచి వెళ్లే దూరం. ఒకప్పుడు ఒకే పెద్దమనిషి టోపీ, బూట్లు, వైన్ ఇక్కడే ఖాతా మీద తీసుకునేవాడు. బెర్రీ బ్రదర్స్ పక్క సందులోంచి వెళ్తే పికరింగ్ ప్లేస్ అనే బుల్లి చదరం, అక్కడి గదుల్లో 1842 నుంచి 1845 దాకా టెక్సస్ రిపబ్లిక్ రాయబార కార్యాలయం అద్దెకుండేది, టెక్సస్ అమెరికాలో కలవక ముందు అన్నమాట, గోడ మీద ఫలకం ఇప్పటికీ చెప్తుంది. కొట్టు కింద నేలమాళిగల్లో ఒకదానికి నెపోలియన్ పేరుంది, తర్వాత ఫ్రాన్స్ చక్రవర్తి అయిన మూడో నెపోలియన్ ప్రవాసంలో ఉన్నప్పుడు అక్కడ రహస్యంగా మనుషుల్ని కలిసేవాడని చెప్పుకుంటారు. ఇప్పుడు అవే గదుల్లో భోజనాలు, వైన్ పాఠాలు జరుగుతాయి. టైటానిక్ ఓడతోపాటు 69 కేసుల సరుకు మునిగిపోయిందని తెలియజేస్తూ ఓడ కంపెనీ రాసిన ఉత్తరం కూడా కొట్టులో దాచి ఉంచారు.

వ్యాపారుల సంఘం విషయానికొస్తే వింట్నర్స్ కంపెనీ అనే వైన్ వర్తకుల శ్రేణికి 1363లో రాజు సన్నదు ఇచ్చాడు. దాని చేతిలో ఇవాళ వ్యాపారాన్ని ఆపే అధికారం పెద్దగా లేదు, ఆచారాలున్నాయి, దానధర్మం ఉంది, చదువుకి సాయం ఉంది. ప్రతి జులైలో థేమ్స్ నది మీద హంసల్ని లెక్కపెట్టే వేడుకలో రాజుగారి మనుషులతోపాటు వీళ్ల పడవలూ ఉంటాయి. కొత్త అధ్యక్షుడు పదవిలోకి వచ్చే రోజు ఊరేగింపులో ముందు ఒకతను చీపురుతో దారి ఊడుస్తూ నడుస్తాడు, పాతకాలంలో బురదలో కాలు జారకుండా ఊడ్చినదానికి గుర్తు.

ఆచారాలకంటే ఎక్కువ పనికొచ్చింది పరీక్ష. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ రంగంలో చదువుకున్న మనుషులు కరువయ్యారు, అప్పటిదాకా తండ్రి కొడుక్కి, యజమాని గుమస్తాకి నేర్పడమే పద్ధతి. 1953లో వింట్నర్స్ కంపెనీ, వ్యాపార సంఘం కలిసి మాస్టర్ ఆఫ్ వైన్ పరీక్ష పెట్టాయి, 21 మంది రాస్తే 6 మంది పాసయ్యారు. లేబుల్ కనపడకుండా గ్లాసులు వరసగా పెట్టి ఏ ద్రాక్ష, ఏ ఊరు, ఏ ఏడాది, ఎలా చేశారు అని రాయమంటారు. 1970 దాకా ఇందులో ఆడవాళ్లు లేరు, 1698లో కొట్టు పెట్టింది ఒక ఆడమనిషి అని గుర్తుచేసుకుంటే ఆ ఆలస్యం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2016లో సోనల్ హాలండ్ భారత్ నుంచి మొదటి మాస్టర్ ఆఫ్ వైన్ అయ్యారు. పరీక్ష వచ్చాక ఎవరి కొడుకు అనేది కొంత వెనక్కి వెళ్లి, నాలుకా చదువూ ముందుకొచ్చాయి. పూర్తిగా మారిందని కాదు, ఆ వీధి ఇప్పటికీ డబ్బున్నవాళ్ల వీధే.

కుటుంబాల్లోకి వెళ్లిన అలవాటు ఒకటుంది. ఇంగ్లండ్‌లో పిల్లవాడు పుట్టినప్పుడు గాడ్‌ఫాదర్, అంటే బాప్టిజం రోజు పిల్లవాడికి పెద్దదిక్కుగా నిలబడే మనిషి, ఆ ఏడాది పంట పోర్ట్ కేసు కొని, 21 ఏళ్లొచ్చాక ఇమ్మని వ్యాపారి దగ్గర దాచేవాడు. ఆడపిల్ల పుట్టగానే మన ఇళ్లల్లో కాసో గొలుసో కొని లాకర్లో పెట్టినట్టు. ఆ 21 ఏళ్లలో కొన్నవాడు పోవచ్చు, కొట్టులో గుమస్తాలు ముగ్గురు మారొచ్చు, పిల్లవాడు ఇంకో దేశంలో ఉండొచ్చు, అయినా కేసు అతని పేరు మీదే దొరకాలి. దీనికి కావాల్సింది గొప్ప రుచి జ్ఞానం కాదు, రాత తప్పని పద్దు పుస్తకం.

మనవైపు దీని ప్రభావం ఎంత

భారత్‌లోకి వచ్చే విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకం 150 శాతం. 2022 డిసెంబర్‌లో అమల్లోకొచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంలో కాస్త ఖరీదైన సీసాలకి అంచెలంచెలుగా తగ్గించారు. 2025 జులైలో యూకేతో సంతకాలైన ఒప్పందంలో విస్కీ, జిన్ మీద 150 నుంచి ముందు 75కి, పదో ఏడాదికి 40కి తగ్గిస్తామన్నారు, వైన్‌కి మాత్రం ఆ రాయితీ ఇవ్వలేదు, నాసిక్ వైపు ద్రాక్ష రైతులు, వైనరీల ఆందోళన ఇలాంటి చోట లెక్కలోకి వస్తుంది. కాబట్టి లండన్ వ్యాపారుల వైన్ మన దగ్గరికి చవగ్గా వచ్చేస్తుందనే ప్రచారంలో పస లేదు, వాళ్ల విస్కీ, జిన్ సీసాలకి మాత్రం దారి కొంత సులువవుతుంది.

కస్టమ్స్ దాటాక కూడా మద్యం రాష్ట్రాల జాబితాలోని విషయం. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల మీదుగానే షాపుకి చేరాలి. తెలంగాణలో షాపు రెండేళ్లకోసారి లాటరీలో వస్తుంది. ఆంధ్రలో 2019 నుంచి ప్రభుత్వమే షాపులు నడిపి, 2024 అక్టోబర్‌లో మళ్లీ లాటరీతో ప్రైవేటుకిచ్చింది. రెండేళ్ల లైసెన్స్ చేతిలో ఉన్నవాడు 20 ఏళ్ల తర్వాత తాగే సీసా గురించి ఆలోచించే అవకాశమే లేదు, అతని తప్పు కాదది, పెట్టిన లైసెన్స్ ఫీజు ఈ రెండేళ్లలోనే తిరిగి రావాలి కాబట్టి వేగంగా కదిలే క్వార్టర్లే అరలో పెడతాడు. వైన్స్ అనే బోర్డు కింద వైన్ ఎందుకు కనపడదు అనేదానికి తాగేవాళ్ల రుచితో పాటు ఈ గడువు కూడా ఒక కారణం.

యూకేలో ఉండే తెలుగువాళ్ల సంగతి వేరు, వాళ్లకి బాండెడ్ గోడౌన్ ఖాతా చట్టప్రకారం అందుబాటులో ఉంది. వాళ్లు లెక్కలోకి తీసుకోవాల్సినవి ఏటా కట్టాల్సిన నిల్వ, బీమా ఛార్జీలు, అమ్మేటప్పుడు పోయే 10 శాతం కమీషన్, అసలు కొనేవాడు దొరకడానికి పట్టే నెలలు. 300 పౌండ్లకి కొన్న కేసు 360కి అమ్ముడైతే కమీషన్ 36 పోగా 324 మిగులుతుంది, అందులోంచి అయిదారేళ్ల నిల్వ ఖర్చు తీసేస్తే చేతికొచ్చేది పెట్టినంత కూడా ఉండకపోవచ్చు. అప్పుడు కూడా ఒక దారి ఉంది, సుంకం, వ్యాట్ కట్టి ఇంటికి తెప్పించుకుని నలుగురిని పిలిచి తాగడం. పేరున్న పాత వ్యాపారులు కొత్త కస్టమర్‌కి మొదట చెప్పేదీ ఇదే, తాగడానికి ఇష్టపడేదే కొనండి, ధర పడినా సీసా మిగులుతుంది అని.